చాటించని పండగ

అక్క పెద్దకర్మ అయిన మర్నాడు, వచ్చినవాళ్ళలో సగంమంది వెళ్ళిపోయాక, మా మనవరాలు వరండాలో కూర్చుని పరీక్షకు చదువుకుంటోంది. పైకి చదవడం దానికి అలవాటు. అమెరికా తొలినాటి అధ్యక్షుల్లో ఒకాయన, అధికారం గురించీ స్వేచ్ఛ గురించీ ఏమనుకునేవాడో చదువుతోంది. మనిషి పొట్టి, గొంతు సన్నం అని కూడా ఉంది అందులో. ఆ మాట వినగానే నేను అక్క కూర్చునే వైపు తల తిప్పాను. తిప్పాక గుర్తొచ్చింది, అక్క లేదని.

ఆ పొట్టి మనిషి సంగతి మాకు చిన్నప్పుడే తెలుసు. నాన్న ఆయన గురించి ముందు ఎందుకు చెప్పలేదో, తర్వాత ఎందుకు చెప్పాడో, ఆ మధ్యలో అమ్మ ఏం చేసిందో తెలిసినవాళ్ళం ఇన్నాళ్ళూ ఇద్దరం ఉండేవాళ్ళం. ఇప్పుడు నేనొక్కదాన్నే. తప్పు చెబితే దిద్దేవాళ్ళు లేరు కనక గుర్తున్నంతవరకే రాస్తాను.

రంగూన్‌ని మావాళ్ళు రంగం అనేవారు. మేముండేది బోటాటౌంగ్‌లో, రేవు వెనకున్న పొడుగాటి బారకులో. కింద ఇటుక, పైన చెక్క, రేకు కప్పు. మొగవాళ్ళు వరసగా పక్కలు వేసుకునే హాలు ఒకటి, ఆ చివర సంసారాలవాళ్ళకు తడికలు కట్టిన గదులు కొన్ని. పెరట్లో ఒకటే కొళాయి. పొద్దున లేవగానే తడిసిన గోనె వాసన, నది బురద వాసన, గేటు దగ్గర బర్మా ఆవిడ అమ్మే మోహింగా కుండలోంచి, సేవలు వేసిన చేపల పులుసు వాసన వచ్చేవి. అమ్మ ముక్కు మూసుకునేది. అక్కా నేనూ కొళాయికి నీళ్ళకని వెళ్ళి ఆవిడ ముందు చేరేవాళ్ళం. ఆవిడ ఒక గిన్నెలో ఇద్దరికీ పోసేది. ఇంటికొచ్చేముందు ఆ వాసన పోవడానికి చింతపండు నమిలేవాళ్ళం. అమ్మకు తెలియదనుకునేవాళ్ళం.

నాన్న కూలి కాదు. హాలు మూల రాత్రి బడి పెట్టి కూలీలకు అక్షరాలు నేర్పేవాడు. అందరూ పంతులు గోరు అనేవారు. అమ్మ తమ్ముడు, మా మావ, ఓడల్లో బియ్యం బస్తాలు మోసేవాడు. పెళ్ళాన్ని ఊళ్ళో వదిలి వచ్చాడు కనక హాల్లో పడుకుని మా ఇంట్లో తినేవాడు. అతను వస్తే అమ్మ ముఖం మారేది. పొయ్యి దగ్గర కూర్చోబెట్టుకుని వేడివేడిగా వడ్డించేది.

మా జీవితాలన్నీ పిలుపు మీద ఉండేవి. తెల్లవారుతుండగా, కూలీలను పనికి పెట్టే పెద్ద మేస్త్రీ పెరట్లో నిలబడి, చేతికర్రతో ఒక్కొక్కరినీ చూపిస్తూ పేరు పిలిచేవాడు. ఓడకు కావలసినంతమందిని పిలిచి కర్ర దించేవాడు. మిగిలినవాళ్ళకు ఆ పూట పని లేదు. ఎవరిని పిలవాలన్నది ఆయన ఇష్టం. ఎదురు చెప్పినవాడి పేరు ఆయన నోటికి వచ్చేది కాదు. అమావాస్య నుంచి అమావాస్య దాకా పిలుపు అందనివాడు పక్క చుట్టుకుని బారకు విడిచి వెళ్ళాలి. ఎక్కడికి వెళ్తాడన్నది ఎవరూ అడిగేవారు కాదు.

ఆ ఏడు వేసవిలో పెద్ద మేస్త్రీకి జబ్బు చేసి ఊరికి ఓడెక్కాడు. బస్తాలు కదలడం ముఖ్యం, మీలో ఎవరు పిలిచినా మాకొకటే అని రేవు గుమాస్తా అన్నాడట. ఆ ఆదివారం మధ్యాహ్నం హాల్లో అందరూ చేరారు. ఆదివారాలు నాన్న ఏదో ఒక పుస్తకం తీసి తెలుగులో చెప్పడం మామూలే. అప్పట్లో ఆయన చేతిలో అమెరికా దేశం ఎలా మొదలైందో చెప్పే పుస్తకం ఉంది. ఆ దేశపు మొదటి అధ్యక్షుడి కథ చెప్పాడు. యుద్ధం గెలిచాడు, రాజువై కూర్చోమన్నా ఒప్పుకునేవాడు కాదు, ఎన్నుకుంటే పాలించాడు, ఇక చాలని తనంతట తానే కుర్చీ దిగి పొలానికి వెళ్ళిపోయాడు.

"ఆడికేటి పిచ్చా?" అన్నాడు ఒకడు. "కుర్చీ ఒగ్గీసి నాగలి పట్టినాడా?"

"నీకు కుర్చీ లేదు కాబట్టి అలగంటన్నావు," అన్నాడు ఇంకొకడు. అందరూ నవ్వారు.

అమ్మ తడిక వెనక చేట పట్టుకుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. అక్కణ్ణుంచే అడిగింది. "పొలమెల్లి ఆయనే దున్నీవోడా?"

నాన్న తడిక వైపు చూశాడు. "లేదు. బానిసలుండేవారు. కొనుక్కున్న మనుషులు."

"మరాల పేర్లు ఎవులు పిలిసీవోరు?" అంది అమ్మ. నాన్న పుస్తకం మూశాడు.

కాని ఆ కథ పని చేసింది. మన మేస్త్రీని మనమే పెట్టుకుందాం, కొన్నాళ్ళకు దిగిపోయేలా పెట్టుకుందాం అన్నారు. పిలుపు పక్కల వరసన సాగాలి, ఇవాళ ఎక్కడ ఆగితే రేపు అక్కణ్ణుంచి. ఇది నాన్న పెట్టిన పద్ధతి. గడువు ఎంత అంటే అందరూ ఒకే మాట అన్నారు. అమ్మవారి పండగ దాకా. వానలు తగ్గాక ఏటా పండగ చేసేవాళ్ళం. ఆ రోజున కర్ర అమ్మవారి ఘటం ముందు పెట్టేయాలి, వరసలో తర్వాతివాడు తీసుకోవాలి. మావను పెట్టుకున్నారు. ఒకసారి పెద్ద మేస్త్రీకి ఎదురు చెప్పి చాలా రోజులు పిలుపు లేకుండా కూర్చున్నవాడు. వాడికి ఆ బాధ తెలుసు అన్నారు. మావ ఘటం మీద చెయ్యేసి ప్రమాణం చేశాడు.

మొదట్లో అంతా బాగుంది. మావ వరస తప్పలేదు. పిలుపు అయ్యాక తానూ బస్తా ఎత్తేవాడు. మోహింగా ఆవిడ మాత్రం అతన్ని పిలిచే తీరు మార్చేసింది. అంతవరకు బర్మా పద్ధతిలో అన్నా అన్నట్టు 'కో' అని పిలిచేది. కర్ర చేతికొచ్చిన వారం నుంచి 'ఊ' అనసాగింది. అది పెద్దలకు పెట్టే గౌరవం. మావ మొదట సిగ్గుపడ్డాడు. తర్వాత ఆవిడ అలవాటుకొద్దీ 'కో' అంటే పలకలేదు. అక్క ఇది చూసి నాకు చెప్పింది. మేం నవ్వుకున్నాం.

వానలు తగ్గాయి. రంగంలోనే చిమిండైంగ్ వైపు బారకుల్లో పండగలు అయిపోయాయి. మా దాంట్లో ఊసు లేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా ఊళ్ళలో పండగ దానంతటది రాదు. ఊరి నాయుడు చాటిస్తేనే వస్తుంది. ఆయన ఇంటి ఆడమనిషి గడప మీద తాంబూలం పెడుతుంది, డప్పు కొట్టే మనిషి దాన్ని తీసుకుని ఊరంతా తిరిగి చాటుతాడు. ఆ చాటింపు పడ్డాకే పండగ. రంగంలో నాయుడు లేడు కనక ఆ పని మేస్త్రీ ఇంటిది. చిన్నప్పటి నుంచి అలా చూసినవాళ్ళే కనక ఇందులో తిరకాసు ఉందని ఒక్కరికీ తోచలేదు. మావ దిగాల్సిన రోజు ఎప్పుడో చెప్పే పని మావ చేతిలోనే పెట్టారు. పుస్తకాలు చదివిన నాన్నకు కూడా తోచలేదు.

మా బారకులో డప్పు కొట్టేది ఒక ముసలాయన. మేం డప్పు తాత అనేవాళ్ళం. ఊళ్ళో అయితే చాటింపుకు తప్ప ఆయన మా వీధిలోకి వచ్చేవాడు కాదు. రంగంలో కొళాయి ఒకటే కనక ఆ పట్టింపు కొంత సడలింది గానీ ఆయన పక్క మాత్రం హాలు చివర, తలుపు గాలి తగిలేచోట ఉండేది. మనవరాలు ఆయన దగ్గరే ఉండేది. మా ఈడుది, మాతో ఆడేది.

ఒక పొద్దున పిలుపు అయ్యాక డప్పు తాత మావను అడిగాడు. "బాబూ, తోలు మెత్తబడిపోనాది. ఎండలో పెట్టుకోవాల. పండగెప్పుడో సెప్తే."

ఆయన అడిగింది డప్పు గురించే. మావకు అలా వినపడలేదు. చుట్టూ ఉన్నవాళ్ళు మాటలాపి చూశారు.

"ఓడలు ఒగదాని మీదొగటి ఒస్తన్నాయి కావేటి. సూద్దారి," అన్నాడు.

"అలగే బాబు. అడిగినానంతే."

మర్నాడు తాత వంతు వచ్చినప్పుడు మావ కర్ర ఆయన్ని దాటి పక్కవాడి మీద ఆగింది. ఎవరో నసిగితే మావ అన్నాడు. "ముసలోడు. బస్తా మొయ్యలేడు. నీల్లల్లో పడతాడని బయం." అది నిజంలాగే ఉంది. తాత ముసలివాడే. అయితే నిన్నటి దాకా మోశాడు. మళ్ళీ వంతు వచ్చినప్పుడూ దాటేశాడు. అటు తర్వాత ఎవరూ నసగలేదు.

ఆ రోజుల్లో మా గదిలో కూడా మాటలు తగ్గాయి. మావ భోజనానికి వస్తే నాన్న ముందే తినేసి బడి మూలకు వెళ్ళిపోయేవాడు. ఒక సాయంత్రం వెళ్ళలేదు.

"పండగ ఎప్పుడు?" అన్నాడు నాన్న.

"నువ్వూ అదేనా బావా," అన్నాడు మావ అన్నం కలుపుతూ. "ఊళ్ళో మసూసికం అంటన్నారు. అలాటప్పుడు అమ్మోరిని కదపకూడదు."

"ఎవరన్నారు?"

"ఓడ దిగినోల్లు."

"ప్రమాణం చేశావు."

"సేసినాను. పండగనాడు కర్ర పెట్టకపోతే అప్పుడు అడుగు. నానేటి తప్పినాను?"

మాట ప్రకారం చూస్తే మావ తప్పలేదు. నాన్న మావ ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. "అమావాస్యకు ఆ ముసలాయన పక్క చుట్టుకోవాలి. పిల్లను పట్టుకుని ఎటు పోతాడు?" అన్నాడు.

"నీ పుస్తకంలో ఉండదేటి, ఎటు పోవాలో," అన్నాడు మావ.

అమ్మ మజ్జిగ గిన్నె కింద పెట్టింది. "తిననీ ఆడిని," అంది నాన్నతో. మావ వెళ్ళాక మాత్రం గొంతు తగ్గించకుండానే అంది. "నా తమ్ముడిని దింపడానికేనా ఆ కతలన్నీ సెప్పినావు? ఆడి మూలాన మనకింత గౌరవం ఒచ్చినాది. ఆ పెద్ద మేస్త్రీ ఆలి నన్ను కొలాయి కాడ ఎన్ని మాటలనీదో నీకేటి తెలుసు?"

"తెలుసు," అన్నాడు నాన్న. తర్వాత ఎవరితోనూ కాదన్నట్టు అన్నాడు. "తప్పు నాదే. దిగిపోయిన మనిషి కథ బావుంటుందని అదే చెప్పాను. రెండోది చెప్పలేదు."

రెండోది ఆ పొట్టి మనిషిది. ఆ దేశపు రాజ్యాంగం రాయడంలో ముందున్నవాడు, తర్వాత అధ్యక్షుడు కూడా అయ్యాడు. కథలా చెప్పడానికి అతని దగ్గర ఏమీ లేదట, యుద్ధాలు గెలవలేదు, గట్టిగా మాట్లాడలేడు. అతను అన్నది ఒకటే, మనిషి మంచివాడని నమ్మి అధికారం ఇవ్వకండి. మనుషులు దేవతలు కారు. పాలించేవాణ్ణి కూడా ఏదో ఒకటి పట్టి ఉంచాలి, ఆ పట్టు అతని చేతిలో ఉండకూడదు. వేరే దేశాల్లో రాజులు దయతలచి జనానికి కాస్త స్వేచ్ఛ ఇస్తారు. తమ దేశంలో స్వేచ్ఛగా ఉన్న జనం కొలిచి కొంత అధికారం ఇస్తారు. నాన్న దీన్ని చెబుతుంటే అమ్మ తలుపు వైపు చూస్తూ కూర్చుంది. విన్నదో లేదో తెలియలేదు.

అమావాస్య దగ్గర పడింది. డప్పు తాత పొద్దున్నే లేచి, ముఖం కడుక్కుని, పిలుపులో నిలబడేవాడు. పిలుపు అయ్యాక వెళ్ళి పక్క మీద కూర్చునేవాడు. ఎవరి వంకా చూసేవాడు కాదు. మోహింగా ఆవిడ మనవరాలికి రోజూ ఒక గిన్నె పోసేది. కుర్రవాళ్ళు కొందరు తాత దగ్గర చేరి, నువ్వే డప్పు కొట్టేయి, ఏమవుతుందో చూద్దాం అన్నారట. ఆయన ఒప్పుకోలేదు. "తాంబూలం లేకండా కొడితే అది సావు డప్పు. ఈ బారకులో నాను కొట్టను," అన్నాడు.

ఒక మధ్యాహ్నం మేం పెరట్లో పిలుపు ఆట ఆడుతున్నాం. ఎప్పుడూ ఆడేదే. అక్క మేస్త్రీ. చీపురుపుల్ల కర్ర. మేం వరసగా నిలబడితే పేర్లు పిలిచేది, పిలుపు అందినవాళ్ళం ఇటుకముక్క నెత్తిన పెట్టుకుని కొళాయి దాకా వెళ్ళి రావాలి. డప్పు తాత మనవరాలి దగ్గరికి వచ్చేసరికి అక్క పుల్ల దాటించింది. ఆ పిల్ల నవ్వుతూ నిలబడే ఉంది, మరిచిపోయిందనుకుని. అక్క మళ్ళీ వచ్చి మళ్ళీ దాటించింది.

"నన్ను పిలవ్వేటి?" అంది ఆ పిల్ల.

"ముసల్దానివి. బస్తా మొయ్యలేవు," అంది అక్క. మావ గొంతే. తల పక్కకు వంచడం కూడా మావలాగే. మేమందరం నవ్వాం. ఆ పిల్ల ఇటుకముక్క నేల మీద పెట్టి, చేతులు గౌనుకు తుడుచుకుని, హాల్లోకి వెళ్ళిపోయింది. ఏడవలేదు.

వెనక్కి తిరిగితే అమ్మ కొళాయి దగ్గర నిలబడి ఉంది. బిందె నిండి నీళ్ళు పారుతున్నాయి. అక్కను కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. దగ్గరకొచ్చి ఆ పుల్ల తీసుకుని దూరంగా పారేసింది. బిందె అక్కడే వదిలేసి గదిలోకి వెళ్ళింది.

తర్వాత అమ్మ చేసిన పనులు నాకు వరసగా గుర్తున్నాయి. స్నానం చేసింది. ఉతికిన చీర కట్టింది. గడప కడిగి పసుపు రాసి బొట్లు పెట్టింది. తమలపాకులు తుడిచి, తొడిమలు సరిచేసి, వక్క పెట్టింది, ఒక పసుపు కొమ్ము పెట్టింది. ఎవరూ వంక పెట్టకూడదన్నట్టు ప్రతిదీ పద్ధతి ప్రకారం చేసింది. మావ మా ఇంట్లో తినేవాడు. రంగంలో అతనికి వేరే ఇల్లు లేదు, వేరే ఆడమనిషి లేదు. మేస్త్రీ ఇల్లంటే మాదే. ఆ మాట అప్పటిదాకా ఎవరికీ తట్టలేదు. నాన్న బడి మూల నుంచి లేచి వచ్చి నిలబడ్డాడు. ఏదో అనబోయాడు.

"నువ్వు మాటాడకు," అంది అమ్మ. "ఇది నీ పుస్తకంలోది కాదు."

నన్ను పంపి డప్పు తాతను పిలిపించింది. ఆయన డప్పు లేకుండా వచ్చాడు, పక్క చుట్టుకోమని చెప్పడానికి పిలిచారనుకుని. గడప మీద తాంబూలం చూసి ఆగిపోయాడు.

"బాబు సెప్పినాడా అమ్మా?"

"తాంబూలం పెట్టిందెవులు?"

"నువ్వే."

"మరి తియ్యి. పున్నమికి పండగని సాటు."

ఆయన వెంటనే తీయలేదు. "నీ తమ్ముడు తల్లీ," అన్నాడు మెల్లగా.

"నాకు తెల్దేటి," అంది అమ్మ.

ఆయన వంగి తాంబూలం తీసుకుని కళ్ళకద్దుకున్నాడు. కాసేపటికి హాల్లో గడ్డి మంట వాసన వచ్చింది, తోలు కాచుకుంటున్నాడు. తర్వాత డప్పు మోగింది. హాలు ఈ చివర నుంచి ఆ చివరకు, పెరట్లోకి, గేటు బయటికి, సేక్కాన్ రేవు దారి వెంట. అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. చాటింపు పడ్డాక వెనక్కి తీసుకోవడం లేదు. తీసుకుంటే అమ్మవారి కోపం బారకు మీద పడుతుంది. మావ కూడా ఆ నమ్మకంలో పెరిగినవాడే.

రేవు నుంచి వచ్చేసరికి అతనికి తెలిసిపోయింది. గుమ్మం దగ్గర నిలబడ్డాడు. కర్ర చేతిలో ఉంది. అమ్మ పీట వేసి ఉంచింది, కంచం పెట్టి ఉంచింది.

"అప్పా," అన్నాడు, మావాళ్ళు అక్కగారిని అలాగే పిలుస్తారు. "ఎవులు సెప్పినారు నీకు?"

"ఎవులూ సెప్పలేదు."

"బావ సెప్పించినాడు."

"మీ బావకి సున్నం డబ్బీ ఎక్కడుంటాదో కూడా తెల్దు."

మావ కర్ర ఎత్తలేదు. కాని దాన్ని పట్టుకున్న పిడికిలి బిగిసింది. నాన్న ఒక అడుగు ముందుకు వేశాడు. అమ్మ చేత్తో ఆపింది.

"నీ వల్ల రేపు అందరూ నవ్వుతారు నన్ను," అన్నాడు మావ.

"నవ్వరు. పండగ నువ్వే సాటించినావు. నీ ఇంటి తాంబూలమే కదేటి," అంది అమ్మ. "అన్నం చల్లారిపోతాది. కూకో."

అతను కూర్చోలేదు. వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. అమ్మ ఆ కంచం అలాగే ఉంచింది. మర్నాడు పొద్దున పిలుపులో డప్పు తాత పేరు వరసన వచ్చింది.

పౌర్ణమినాడు పండగ జరిగింది. ఘటం ముందు మావ కర్ర పెట్టాడు. పెట్టేటప్పుడు ఎవరి ముఖమూ చూడలేదు. వరసలో తర్వాతివాడు, ఒక నెమ్మదైన మనిషి, దాన్ని తీసుకున్నాడు. ఆ ఆదివారం నాన్న పొట్టి మనిషి సంగతి హాల్లో చెప్పాడు. కథ కాదు కనక సగంమంది కునికారు. అయినా గడువును పండగతో ముడిపెట్టకుండా మాఘ పౌర్ణమి అని, శ్రావణ పౌర్ణమి అని ఖాయం చేసుకున్నారు. చంద్రుణ్ణి ఏ మేస్త్రీ ఆపలేడని నాన్న అంటే, కునుకుతున్నవాళ్ళు కూడా నవ్వారు.

కొత్త మేస్త్రీ మొదటి పిలుపు చూడాలని అక్కా నేనూ తడిక సందులోంచి చూస్తున్నాం. వరస మావ దగ్గరికి వచ్చింది. ఆయన మావ పేరు పిలిచాడు. మావ పలకలేదు. రెండోసారి పిలిచాడు.

"ఉన్నాను," అన్నాడు మావ. వెళ్ళి గోనె నెత్తిన కప్పుకుని మిగతావాళ్ళతో నిలబడ్డాడు.

అతను మా ఇంట్లో తినడం మానలేదు. కాని అమ్మతో మాట్లాడటం మానేశాడు. కావలసింది అక్కను అడిగేవాడు. అమ్మ వండి అక్క చేతికిచ్చేది. అలా ఎన్నాళ్ళు సాగిందో చెప్పగలిగేది అక్కే.

ఆ తర్వాత కొన్నేళ్ళకు యుద్ధం వచ్చి రంగం మాకు లేకుండా పోయింది, నడిచి రావలసి వచ్చింది. ఆ దారి గురించి నేను రాయను. దారిలో పోయినవాళ్ళలో నాన్న ఒకరు. డప్పు తాత మనవరాలు ఏమైందో తెలియదు. మావ, అమ్మ ఈ ఒడ్డుకు చేరి, ఒకే వీధిలో ముసలివాళ్ళయ్యారు. అప్పటికి మాట్లాడుకునేవారు, పొడిపొడిగా.

సాయంత్రాలు అరుగు మీద కుర్రవాళ్ళు మావను అడిగేవారు, రంగంలో నువ్వు మేస్త్రీవంట కదా తాతా అని.

"సేసినాను కొన్నాల్లు," అనేవాడు.

"మరెందుకు మానేసినావు?"

"పండగొచ్చీసినాది," అనేవాడు.

అది ఎలా వచ్చిందో ఎప్పుడూ చెప్పలేదు. అరుగు చివర కూర్చున్న అమ్మ, ఆ మాట వచ్చినప్పుడల్లా, ఏదో పని ఉన్నట్టు లేచి లోపలికి వెళ్ళిపోయేది.